పంపుహౌసు తమ్ముడు

అరకు బజారులో ఎవరినైనా ఆపి సోంబరు ఇల్లెక్కడ అని అడిగి చూడండి. ఏ సోంబరు అని ఎదురడుగుతారు. సోమవారం పుట్టిన మగబిడ్డకు ఆ పేరు పెట్టడం ఆ కొండల్లో అలవాటు, అందుకని ప్రతి గూడెంలోనూ ఇద్దరు ముగ్గురు సోంబర్లు తగులుతారు. పంపుహౌసు సోంబరు అని విడమరిచి చెప్పారనుకోండి, ముందు చెయ్యి ముక్కు దగ్గరికి పోతుంది. తర్వాత అదే చెయ్యి దారి చూపిస్తుంది. లోయకు బాగా అడుగున, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున, పసుపు సున్నం వేసిన చిన్న గది, దాని పక్కన ఇనప మూతల బావి, వెనకాల రెండు గదుల క్వార్టరు. మనవాడు ఉండేది అక్కడే.

వాసన సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఉంటుంది. కానీ జనం అనుకునేంత ఉండదు. సంతలో ఎండుచేపల వరస దాటుకుని వచ్చినవాళ్ళు కూడా పంపుహౌసు దగ్గర ముక్కు మూసుకోవడం నాకు అన్యాయంగానే కనబడుతుంది. పైగా ఆ వాసన సోంబరుది కాదు. టౌను మొత్తానిది.

ఇంట్లోంచి వదిలిన నీళ్ళకు కాళ్ళుండవు. పల్లం ఎటుంటే అటు పోతాయి. ఇళ్ళవాళ్ళు, హోటళ్ళవాళ్ళు, మబ్బులు చూడ్డానికి కార్లేసుకుని వచ్చినవాళ్ళు తలుపేసుకుని వదిలించుకున్నదంతా నేలలో వేసిన గొట్టాల్లో వాలు పట్టుకుని దొర్లుకుంటూ లోయ అడుగుకు వస్తుంది. అక్కడితో వాలు అయిపోయింది. శుద్ధిచేసే ప్లాంటేమో అవతల మెరక మీద ఉంది. అడుగున కడితే వానాకాలంలో మునిగిపోతుందని అక్కడ కట్టారు. మరి పల్లానికి దిగిన మురుగు మెరకకు ఎలా ఎక్కుతుంది? ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ ఎత్తేది సోంబరు బావి.

బావిలోకి రాకముందే మురుగుకు ఇనప కడ్డీల జల్లెడ ఒకటి అడ్డం పడుతుంది. గుడ్డలు, పాలితిన్ సంచులు, షాంపూ ప్యాకెట్లు అక్కడ చిక్కుకుంటాయి. పొడుగాటి దంతెతో వాటిని లాగి పారెయ్యడం పొద్దుటి పని. బావి అడుగున రెండు పంపులు మురుగులో మునిగి ఉంటాయి. వాటి పైన తాళ్ళకు బంతులు వేలాడుతుంటాయి. మురుగు పెరిగి ఒక బంతిని తేల్చిందంటే ఒక పంపు మొదలవుతుంది. ఇంకా పెరిగి దాని పై బంతి కూడా తేలిందంటే రెండో పంపు తోడవుతుంది. అన్నిటికంటే మీది బంతి తేలితే గంట మోగుతుంది. మట్టం దిగిపోయి అడుగు బంతి వాలగానే పంపులు ఆగిపోతాయి, లేకపోతే వట్టి గాలి పీల్చి మోటార్లు కాలిపోతాయి. పంపు తోసిన మురుగు లావుపాటి గొట్టంలో మెరక ఎక్కుతుంది. ఎక్కినది వెనక్కి జారకుండా ఆ గొట్టంలో ఒక రెక్క తలుపు ఉంది. ముందుకు పోతుంటే తెరుచుకుంటుంది, వెనక్కి రాబోతే టప్పున మూసుకుంటుంది. ప్లాంటులో బురద అడుక్కి దిగుతుంది, గాలి ఊదుతారు, కంటికి కనబడని పురుగులు మిగిలినదాన్ని తినేస్తాయి, తేరిన నీళ్ళు తోటలకు పోతాయి. ఆ తోటల్లో పూసిన పూల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకునేవాళ్ళకు ఈ కథంతా తెలియదు. తెలియకపోవడమే మంచిది.

ఇంకొక్క గొట్టం ఉంది. బావి గోడకు పైభాగాన, గెడ్డ వైపు తెరుచుకుని ఉంటుంది. కరెంటు పోయి, పంపులు మొరాయించి బావి నిండిపోతే మురుగు వచ్చిన దారినే ఎగదన్ని ఇళ్ళ దొడ్లలోంచి పైకి వస్తుంది. అలా రాకుండా ఆ గొట్టంలోంచి గెడ్డలోకి పడిపోయేలా కట్టారు. రెండు చెడ్డల్లో చిన్న చెడ్డ అన్నమాట. గెడ్డ కిందన గూడేలున్నాయి. వాళ్ళు ఆ నీళ్ళలో స్నానాలు చేస్తారు, పశువుల్ని తోలతారు. అందుకని ఆ గొట్టం మూతి ఎప్పుడూ పొడిగా ఉండాలి. సోంబరు ఉద్యోగం మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పమంటే అదే.

ఇక సోంబరు కోరిక గురించి చెబుతాను. ప్రమోషను కాదు, సొంత ఇల్లు కాదు. వాళ్ళ అప్ప ఒక్క పూట తన ఇంట్లో అన్నం తినాలి. అప్ప అంటే అక్క, ఆ ప్రాంతం వాళ్ళకు ఈ ముక్క చెప్పక్కర్లేదు. ఆమె పేరు బుద్రి. బుధవారం పుట్టింది. అనంతగిరి కొండల్లో జీలుగువలస అనే గూడెంలో ఉంటుంది, వాళ్ళు పుట్టిన ఇంట్లోనే.

సోంబరు అడుగులు వెయ్యకముందే తల్లి పోయింది. తండ్రి అడవికి పోయి జ్వరంతో తిరిగొచ్చి, ఇక లేవలేదు. అప్పటికి బుద్రికి రోకలి తలదాకా ఎత్తే బలం కూడా లేదు. ఆ వయసులో తమ్ముణ్ణి చంకనేసుకుని చోళ్ళు, అంటే రాగులు, విసిరింది, కట్టెలు మోసింది, అడ్డాకులతో విస్తళ్ళు కుట్టింది. ఆషాఢం శ్రావణం వస్తే గాదెలు అడుగంటేవి, కొత్త పంట ఇంకా చేలోనే ఉండేది. ఆ రోజుల్లో కొండమీద చాలా ఇళ్ళను నిలబెట్టేది మామిడి టెంక. మనం పండు తిని టెంక పారేస్తాం, అక్కడ టెంక దాస్తారు. పొయ్యి మీది అటకమీద ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచి పిండి చేసి, గుడ్డలో మూటగట్టి గెడ్డలో పెడతారు. పారే నీళ్ళు ఆ పిండిలో వగరునంతా లాక్కుపోతాయి. తర్వాత జావ కాచుకుంటారు. బుద్రి మూటమీద రాయి పెట్టి, తమ్ముణ్ణి కాపలా కూర్చోబెట్టి పనికి పోయేది. వాడు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఎండ్రకాయల్ని తోలుతూ, అప్ప ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవాడు. మొదటి గరిటె జావ వాడి ఆకుదొప్పలోకే వచ్చేది.

ఆ రుచి ఎలా ఉంటుందని నన్నడక్కండి. సోంబరునడగండి. ఒకసారి సొంతంగా చేద్దామని సంతలో టెంకలు ఏరుకొచ్చి, పిండి చేసి, క్వార్టరులో కొళాయి కింద బకెట్లో నానబెట్టాడు. నీలవేణి, అంటే వాడి భార్య, ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. వాడు మాత్రం గిన్నెడూ తాగేశాడు. వగరు పోలేదు, అప్ప చేతి రుచి రాలేదు, ఆ పూట వాడికి కడుపునొప్పి వచ్చింది.

మరి అప్ప ఇంటికి రాకపోవడానికి కారణమేమిటంటే, ఈ ఉద్యోగమే. హాస్టల్లో చదివి, కరెంటు పని నేర్చుకున్న తమ్ముడికి పంపుహౌసులో ఉద్యోగం దొరికిందని తెలిసినప్పుడు ఆవిడ గూడెమంతా చెప్పుకుంది. పంపుహౌసంటే మంచినీళ్ళదే అనుకుంది పాపం. టౌనుకంతా నీళ్ళిచ్చేది మా గుంటడే అంది. చూద్దామని కోడిపుంజును చంకన పెట్టుకుని దిగి వచ్చింది. సోంబరు సంబరంగా బావి మూత ఎత్తి చూపించాడు. ఆవిడ ఒక్కసారి లోపలికి వంగి చూసి, వెనక్కి జరిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“ఇదేటిరా?”

“మురుగప్పా. దీన్ని పైకి ఎక్కించాల.”

“ఎవల్ది?”

“అందరిదీ.”

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని సోంబరు ఇప్పటికీ అనుకుంటాడు. “టెంకలేరి నిన్ను పెంచినాను. ఊరోళ్ళ పీతి ఎత్తడానికా?” అంది. తర్వాత ఇంకో మాట అంది. “ఈ సేత్తో ఎట్టిన కూడు నాను ముట్టను.” కోడిపుంజును గడప దగ్గర వదిలేసి, మంచినీళ్ళయినా తాగకుండా కొండెక్కేసింది. పిల్లలు పుట్టకముందు సంగతి ఇది. ఇప్పుడు ఇద్దరాడపిల్లలూ బడి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు.

అలాగని ఆవిడ తమ్ముణ్ణి వదిలేసుకోలేదు. ప్రతి శుక్రవారం అరకు సంతకు వస్తుంది. చిలకడదుంపలో, పసుపో, అల్లమో అమ్ముకుంటుంది. తమ్ముడికని వేరే మూట తెస్తుంది. సోంబరు క్యారియరు పట్టుకుని పోతాడు. నీలవేణి తెల్లవారకముందే లేచి, ఆవిడకిష్టమని లేత వెదురు మొలకలతో వెదురుకొమ్ముల కూర వండి సర్దుతుంది. సంతలో తమ్ముడు క్యారియరు మూత తీస్తాడు. అప్ప వాడి తల నిమిరి, చిక్కిపోయావని తిట్టి, పిల్లల సంగతులు అడిగి, తీరా అన్నం దగ్గరికొచ్చేసరికి “ఆకలి నేదురా” అంటుంది. కొట్టు టీ మాత్రం తాగుతుంది, తమ్ముడు డబ్బులిచ్చినా సరే. కొట్టువాడి చేతికి లేని దోషం నా చేతికి ఎక్కడినుంచి వచ్చిందని వాడు ఒక్కసారి కూడా అడగలేదు. జీపు ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడి, నిండు క్యారియరుతో ఇంటికొస్తాడు. నీలవేణి ఏమీ అడగదు. క్యారియరు అందుకోగానే బరువు తెలిసిపోతుంది కదా.

పంపుహౌసు కిటికీలోంచి చూస్తే వరసగా కొండలు కనిపిస్తాయి. మూడో కొండ వెనక జీలుగువలస. సాయంత్రం అటు పొగలేస్తే, అది అప్ప పొయ్యిదే అని సోంబరు నమ్ముతాడు. అంత దూరం నుంచి ఎవరి పొయ్యి ఏదో ఎలా తెలుస్తుందయ్యా అంటే వినడు. సెలవు పెట్టి గూడేనికి పోయినప్పుడల్లా ఆవిడ వాడికి కడుపునిండా పెడుతుంది. వాడు తింటుంటే కళ్ళార్పకుండా చూస్తుంది. తలొంచుకుని తింటూ వాడు అనుకునేది ఒకటే. పెట్టడం ఎప్పుడూ ఆవిడ వంతేనా? తనకు మాత్రం ఒక్కసారయినా ఆవిడ ముందు ఆకు వెయ్యాలని ఉండదా?

మొన్న వానాకాలంలో ఒక శుక్రవారం, ముసురులోనే సంత జరిగింది. మధ్యాహ్నానికి జీపు డ్రైవరు వచ్చి, జీలుగువలస దారిలో కొండచరియ విరిగి పడిందని, రేపు కూడా దారి తెరవడం అనుమానమేనని చెప్పాడు. సోంబరు మనసులో ఆ కొండచరియకు దండం పెట్టుకున్నాడు. పైకి మాత్రం “అయ్యో” అన్నాడు.

“మరేటి సేత్తాం,” అంది బుద్రి. “రాత్రికి మీ ఇంట్లోనే తొంగుంటాను. కూడు మాట ఎత్తకు. నా పొత్తులు నాకున్నాయి.”

ఆవిడ సంచిలో ఉడికించిన మొక్కజొన్న పొత్తులున్నాయి. వాటికింద తడిగుడ్డ మూట ఒకటుంది. సోంబరు చూడగానే గుర్తుపట్టాడు.

“టెంక పిండా అప్పా!”

“మన గెడ్డ పొంగిపోనాదిరా. మూట కొట్టుకుపోద్దని రెండు నీళ్ళకే తీసీసినాను. ఇంకా వగరుంటాది. ఒక్క పూట పారే నీటిలో ఎడితే సాలు, నీకు జావ కాసేసి ఎల్తాను.” ఆవిడ మూటను సంచి అడుక్కి నెట్టింది. “మన మావిడి సెట్టు మొన్న గాలికి పడిపోనాది. ఇయ్యే ఆకరి టెంకలు.”

ఆ చెట్టు ఇంటి వెనక ఉండేది. దాని కొమ్మకు కట్టిన ఉయ్యాల్లోనే సోంబరును పెంచింది ఆవిడ. సోంబరు ఆ సంచి అందుకుని, జీపుల స్టాండులోంచి వానలోనే ఇంటిదారి పట్టాడు.

ఆ రాత్రి అప్ప తన ఇంట్లో, తన చాప మీద పడుకుంది. పక్కగదిలో ఆవిడ దగ్గుతుంటే సోంబరుకు పండగలా ఉంది. ఆవిడ పొత్తులే తింది. అయినా ఇల్లు నిండిపోయినట్టుంది వాడికి.

శనివారం పొద్దున్నే నీలవేణి అన్నం, కూర వండి మూతపెట్టి, హాస్టల్లో వంట పనికి వెళ్ళిపోయింది. సోంబరుతో పాటు డ్యూటీ చెయ్యాల్సిన అప్పారావు సొంతూరు ఎస్.కోటకు పోయి, ఘాట్ రోడ్డు మూసెయ్యడంతో కిందే చిక్కుకున్నాడు. కాబట్టి రెండు డ్యూటీలూ సోంబరువే. వాడు జల్లెడ శుభ్రం చేస్తుంటే బుద్రి గెడ్డ వైపు నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మొహం కళకళలాడుతోంది.

“మూట ఎక్కడెట్టినావప్పా?”

“అదిగో, ఆ గొట్టం కింద సిమెంటు గట్టు కట్టినారు సూడు, అక్కడ. నీటి ఉరవడి నేదు, రాయెట్టక్కర్నేదు. ఎవలో పున్నేత్ములు కట్టినారు.”

సోంబరు చేతిలో దంతె ఆగిపోయింది. ఆవిడ చెప్పింది బావి నిండితే మురుగు పడే గొట్టం. కొండమనిషికి గెడ్డ ఒడ్డున మెత్తగా నీళ్ళు ఒరుసుకుపోయే గట్టు కనిపిస్తే, అది పిండి మూట కోసమే కట్టినట్టు కనిపిస్తుంది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. తప్పు సోంబరుది. తీసెయ్యి అప్పా అనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే మళ్ళీ మురుగు మాట ఎత్తాలి. ఇన్నేళ్ళకు గడప తొక్కిన మనిషి ముందు, ఇవాళే, ఆ మాట ఎత్తడానికి వాడికి నోరు రాలేదు. ఆ మూతి తడిసి ఏడాది దాటింది, ఒక్క పూటలో ఏమవుతుందిలే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి వాన కుండపోత అయింది. ఘాట్ రోడ్డు మూసెయ్యడంతో దిగలేక ఆగిపోయినవాళ్ళతో హోటళ్ళన్నీ కిటకిటలాడుతున్నాయి. వాకిట్లో వాననీళ్ళు నిలిస్తే అతిథులకు ఇబ్బందని, ఎవరో మహానుభావులు మురుగు గొట్టాల మూతలు ఎత్తి ఆ నీళ్ళను కూడా లోపలికి వదిలేశారు. అలా చెయ్యకూడదని బోర్డులున్నాయి. బోర్డులు తడుస్తూ నిలబడ్డాయి. బావిలో బంతులు ఒకదాని తర్వాత ఒకటి తేలాయి. రెండు పంపులూ తిరుగుతున్నాయి. ఇంతలో కరెంటు పోయింది.

సోంబరు జనరేటరు వేశాడు. మొదటి పంపు మొదలైంది. రెండోది ఒకసారి మూలిగి, వణికి ఆగిపోయింది. దాని నోట్లో ఏదో ఇరుక్కుంది. ఒంటి పంపు తోసేదానికంటే వచ్చేది ఎక్కువగా ఉంది. గంట మోగడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు సత్యనారాయణకు ఫోను చేశాడు. “రోడ్డు మీద చెట్టు పడిందయ్యా, తీయిస్తున్నాం. వచ్చేస్తాం. నువ్వు మాత్రం బావిలోకి దిగకు, అందులో గాలి మనిషిని చంపేస్తుంది,” అన్నాడాయన. దిగక్కర్లేకుండానే పంపును పైకి లాగొచ్చు. దానికి గొలుసు కప్పీ ఉంది, జారడానికి గోడకు ఇనప పట్టాలున్నాయి. కానీ ఒకరు గొలుసు లాగుతుంటే ఇంకొకరు గెడకర్రతో పంపును పట్టాలు తప్పకుండా ఆపాలి. ఇద్దరు కావాలి. బావిలోకి వచ్చే గొట్టానికి గేటు ఉంది, దాన్ని మూసెయ్యొచ్చు. మూసేస్తే మురుగు ఎగదన్ని పల్లపు వీధిలో ముందుగా పైకొచ్చేది తన పిల్లలున్న హాస్టల్లోనే. గేటు చక్రం మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశాడు. కిటికీలోంచి చూశాడు. గెడ్డ వైపు గొట్టంలోంచి నల్లటి నీళ్ళు దూకుతున్నాయి.

అంతలోనే అప్ప గొంతు వినిపించింది. వానలో తడిసి ముద్దయి, గట్టు ఎక్కి పరుగెత్తుకొస్తోంది.

“ఒరే సోంబరూ! నా పిండి మీద ఏటిరా అది! ఏటిది సోంబరూ!”

వాడికి కాళ్ళమీద పడి ఏడవాలనిపించింది. కానీ గంట మోగుతూనే ఉంది. బయటికి వచ్చి బావి మూత ఎత్తాడు.

“అప్పా, నన్ను తర్వాత కొట్టు. ముందు ఈ గొలుసు పట్టు.”

ఆవిడ బావి పక్కనే ఆగిపోయింది. తెరిచిన బావినీ, తమ్ముడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. చిన్నప్పుడు గెడ్డ పొంగితే వాడు సరిగ్గా అలాగే చూసేవాడు. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు, నడుముకు బిగించుకుని గొలుసందుకుంది.

సోంబరు ఆ పంపుకు స్విచ్చు దించి, తాళం వేసి, గెడకర్ర పట్టుకున్నాడు. “లాగప్పా, బేగి!” రోకలి ఎత్తిన చేతులు గొలుసు లాగుతుంటే కప్పీ కరకరలాడింది. మురుగు కారుతూ, తూగుతూ, పంపు మెల్లగా పైకొచ్చింది. దాని నోట్లో, జల్లెడ మీదినుంచి పొర్లి వచ్చిన తెల్లటి హోటలు దుప్పటి ముక్క తాడులా మెలేసుకుని ఉంది. దాన్ని పట్టుకుని పసిపిల్లల డైపర్లు, చిక్కుపడిన వెంట్రుకలు. సోంబరు కత్తితో కోశాడు, చేతొడుగులతో పీకాడు. ఆవిడ గొలుసు వదలకుండా ఆ కుప్పకేసి చూస్తూ నిలబడింది.

“దించు. మెల్లిగా. ఆఁ, కూర్చున్నాది.”

స్విచ్చు ఎక్కించాడు. పంపు మూలగలేదు. రెండు పంపులూ కలిసి తిరుగుతుంటే నేల సన్నగా అదిరింది. కొంతసేపటికి గంట ఆగింది. ఇద్దరూ కిటికీ దగ్గరికి పోయి చూశారు. గొట్టంలోంచి దూకే నీళ్ళు సన్నబడి, ధారయి, చుక్కలయి ఆగిపోయాయి.

“రోజూ ఇలగే ఉంటాదా?” అంది బుద్రి.

“నేదప్పా. పంపులు రోజూ తిరుగుతాయి. ఆ గొట్టంలోంచి రాకుండా సూడ్డమే నా పని.”

“నువ్వు నేకపోతే?”

“ఇంకెవలో ఒకలుంటారు. ఎవలూ నేకపోతే, అంతా గెడ్డలోకే.”

సోంబరు కింది గూడేలకు ఫోన్లు చేసి, ఇవాళ గెడ్డ నీళ్ళు ముట్టొద్దని చెప్పాడు. బ్లీచింగు పొడి పట్టుకుని గొట్టం దగ్గరికి దిగాడు. వెనకే ఆవిడ కూడా దిగింది. మూట గట్టు మూలకు చిక్కుకుని అక్కడే ఉంది. గుడ్డ నల్లబడిపోయింది. వాడు దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఆ చెట్టు ఆఖరి టెంకలు. ఇక ఆ జావ లేదు, ఎప్పటికీ లేదు. అప్పుడొచ్చింది వాడికి ఏడుపు. ఇద్దరు పిల్లల తండ్రి గెడ్డ ఒడ్డున వెక్కి వెక్కి ఏడ్చాడు.

“పొద్దున్నే సెప్పాల్సిందప్పా. ఆ గొట్టం ఏటో నీకు సెప్పడానికి సిగ్గేసినాది.”

“పారెయ్రా,” అంది ఆవిడ. “పిండే కదా.” వాడు గుంత తీసి మూటను పాతేదాకా పక్కనే నిలబడింది.

సాయంత్రమయ్యేసరికి సత్యనారాయణ మనుషులను వెంటపెట్టుకుని వచ్చి డ్యూటీ అందుకున్నాడు. సోంబరు ఇంటికి పోయి స్నానం చేశాడు. సబ్బు సగం అరిగిపోయేలా తోముకున్నాడు. బయటికొచ్చేసరికి అప్ప తడి జుట్టు ముడేసుకుని వంటగది గుమ్మం పక్కన కూర్చుని ఉంది.

“ఆకలేత్తందిరా,” అంది.

“పొత్తులు వేడిసెయ్యమంటావా?”

“పొత్తులేటి? కూడెట్టు.”

సోంబరుకు సరిగ్గా వినబడిందో లేదో అర్థం కాలేదు. “నీలవేణి ఇంకాసేపట్లో వచ్చేత్తాది. అది ఎడతాది,” అన్నాడు.

“అదెందుకు? నువ్వు నేవా? నువ్వెట్టు.”

వాడు మళ్ళీ దొడ్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. వాసన చూసుకున్నాడు. ఇంకోసారి సబ్బు రాశాడు. గోళ్ళ సందులు రుద్దాడు.

“ఎంతసేపు తోముతావురా? సల్లారిపోతాది,” అని లోపల్నుంచి కేకేసింది.

అడ్డాకు వేసి అన్నం పెట్టాడు. గరిటె ఆకు అంచుకు తగిలి నాలుగు మెతుకులు నేలమీద పడ్డాయి. కూర వేశాడు. ఆవిడ వంగి, కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. ఇన్నేళ్ళూ ఎదురు చూసింది ఇదే అయినా వాడు తలెత్తి చూడలేకపోయాడు.

“ఉప్పు సాల్నేదు,” అంది బుద్రి.

సోంబరు గబగబా లేచి వంటగదిలోకి పోయాడు. ఉప్పు డబ్బా ఎదురుగా అరుగు మీదే ఉంది. వాడికి మాత్రం చాలాసేపు కనబడలేదు.